చీరాల-పేరాల జనం పన్ను కట్టకుండా ఊరుకోవచ్చు కదా, ఊరెందుకు వదిలారు?

ప్రశ్న:
మా అమ్మాయి సోషల్ బుక్‌లో చీరాల-పేరాల ఉద్యమం గురించి రెండే లైన్లు ఉన్నాయి, పన్నులు ఎక్కువయ్యాయని జనం ఊరు ఖాళీ చేశారు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వం వహించారు, అంతే. నాన్నా, పన్ను కట్టకపోతే సరిపోద్ది కదా, ఇల్లెందుకు వదిలేయడం అని అడిగింది. నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు. తెలిసినవాళ్ళు చెప్తారా?

జవాబు 1:
పాప మంచి ప్రశ్న అడిగిందండి. ముందు వాళ్ళు చేసింది కూడా అదే, కట్టకపోవడమే. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలని కలిపి మున్సిపాలిటీ చేసింది. అంతకుముందు యూనియన్‌గా, అంటే మున్సిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థగా ఉన్నప్పుడు పన్ను ఏడాదికి 4 వేల రూపాయలు వచ్చేది, అది ఒక్కసారిగా 40 వేల దాకా పోయింది. అక్కడ ఎక్కువమంది నేతపని వాళ్ళు, ఎక్కడ కడతారు? కట్టం అన్నారు, కేసులు పెట్టారు, జైళ్ళకి పంపారు. రావూరి అలమేలమ్మ గారనే ఆవిడ కూడా జైలుకెళ్ళారు, ఆ పేరు పుస్తకాల్లో కనపడదు, మీ పాపకి తప్పకుండా చెప్పండి.

1921లో బెజవాడలో ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) మీటింగ్ అయ్యాక గాంధీ గారు చీరాల వచ్చి రెండు దారులు చెప్పారు, శాంతంగా పన్ను ఎగ్గొట్టి ఏ శిక్షకైనా సిద్ధపడడం, లేదా మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం. హద్దులో మనుషులే లేకపోతే మున్సిపాలిటీ ఎవరి మీద పన్నేస్తుంది? జనం రెండోది పట్టుకున్నారు.

జవాబు 2:
మాది నేత కుటుంబమే కాబట్టి ఒక మాట కలుపుతాను. గుంట మగ్గం అంటే నేలలో గొయ్యి తీసి, కాళ్ళు అందులో పెట్టుకుని నేసేది. సామాను బండెక్కించొచ్చు గానీ గొయ్యిని ఎక్కించలేం కదా, ఇల్లు వదిలారంటే పని కూడా వదిలినట్టే, ఆ రోజు కూలి ఆ రోజే తినేవాళ్ళకి అదెంత పెద్ద విషయమో ఆలోచించండి. దాదాపు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా కదిలారు. హద్దు బయట పాకలేసుకుని రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు, 11 నెలలు అక్కడే, ఎండ, వాన, చలి అన్నీ ఆ పాకల్లోనే. తగాదాలొస్తే తీర్చడానికి సొంత పంచాయతీ కూడా పెట్టుకున్నారు. నన్నడిగితే స్వరాజ్యం అంటే ఇదే, దీనికి పుస్తకంలో రెండు లైన్లేంటి!

జవాబు 3:
కానీ చివరికి ఓడిపోయారు కదండీ? మున్సిపాలిటీ రద్దవ్వలేదు, జనం వెనక్కొచ్చేశారు, ఇప్పటికీ చీరాల మున్సిపాలిటీయే.

జవాబు 1:
@జవాబు 3 రద్దవ్వలేదు, నిజమే. గోపాలకృష్ణయ్య గారు విరాళాల కోసం బరంపురం వెళితే అక్కడ అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు, తిరుచ్చి జైలు. ఆయన పెట్టిన రామదండు వాలంటీర్లే ఇక్కడ అన్నీ చూసేవాళ్ళు, నాయకుడు లేక, డబ్బు లేక ఎంతకాలం నిలబడతారు? కానీ ఆయన ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చి, ఉద్యోగం వదిలి ఈ జనం మధ్యకొచ్చిన మనిషి, 1928లో 39 ఏళ్ళకే పోయారు. 11 నెలలు నిలబడ్డవాళ్ళని ఓడిపోయారు అని ఒక్క ముక్కలో తేల్చేయడానికి నాకు మనసొప్పదు.

జవాబు 4:
వీలైతే పాపని వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్ళండి, చీరాల పక్కనే. 1918లో పెట్టిన లైబ్రరీ, పాత తెలుగు పత్రికలు బాగా దాచిపెట్టారు. ముందు అడిగి వెళ్ళండి, పాత సంపుటాలు తీసి చూపించాలంటే వాళ్ళకీ టైం పడుతుంది.