వారానికి 3 రోజుల పనికి ఒప్పుకుంటే ఒప్పందంలో ఏం రాయించాలి?

అన్నలూ, అక్కలూ, వరంగల్ పక్కన ఒక నూలు మిల్లు, పర్మనెంట్ కార్మికులు 140 మంది. ఆర్డర్లు లేవని 30 మందిని తీసేస్తాం, లేదంటే అందరికీ వారానికి 3 రోజులే పని అంటోంది యాజమాన్యం. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 300 మంది లోపు ఉంటే తీసివేతకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. అందుకే యూనియన్ ఉన్న పనిని పంచుకోవడానికే మొగ్గింది. అదే మంచిది కూడా.

భయమంతా రాతలోనే. మూల వేతనం తగ్గిస్తే గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసు లెక్కన వచ్చే మొత్తం) తగ్గిపోతుంది: నెలకు 12,000 మీద 20 ఏళ్లకు 15/26 లెక్కన (26 రోజుల నెలగా ఏడాదికి 15 రోజుల జీతం) 1,38,461 రూపాయలు, 6,000 చేస్తే అందులో సగమే. కాబట్టి రేటు ముట్టుకోకుండా, పని లేని రోజుల్ని మస్టర్‌లో (హాజరు పట్టీలో) లే-ఆఫ్ అని, అంటే యాజమాన్యమే పని ఇవ్వలేకపోయిందని రాసి, ఆ రోజులకు 50 శాతం వేతనం పరిహారంగా ఇవ్వాలి. గైర్హాజరు అని రాస్తే ఇంకో దెబ్బ. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) జబ్బు భత్యానికి 6 నెలల్లో 78 రోజుల చందా కావాలి. వారానికి 3 రోజుల చొప్పున 26 వారాలకు సరిగ్గా 78. జ్వరమొచ్చి ఒక్కరోజు పని తప్పినా లెక్క 78కి తగ్గి భత్యం పోతుంది.

లేబర్ ఆఫీసర్ ముందు ఇలాంటివి రాయించినవాళ్లు చెప్పండి. వారానికి 3 రోజుల లే-ఆఫ్ అంటే, లే-ఆఫ్ పరిహారానికి చట్టం చెప్పే 45 రోజుల హద్దు 15 వారాల్లో నిండుతుంది. ఆ తర్వాత పరిహారం ఆగకుండా ఏ వాక్యం పెట్టించారు? పూర్తి పని తిరిగి మొదలవ్వాలంటే తేదీ మేలా, నడిచే కదుళ్ల (నూలు వడికే స్పిండిళ్ల) సంఖ్య మేలా? ఈలోగా కాంట్రాక్టు మనుషుల్ని దింపకుండా షరతు ఎలా రాశారు?