ఆర్‌ఎక్స్ 100 కార్బరేటర్: కిట్టు మొత్తం మార్చాలా?

ప్రశ్న: అన్నలకు నమస్తే. మా నాన్నగారి 1993 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 నాలుగేళ్లు వసారాలోనే పడి ఉంది. స్టార్ట్ చేస్తే కార్బరేటర్ నుంచి పెట్రోలు కారేది, సగం రేసులో బబ్బబ్బమని ఊపిరాడనట్టు పోయేది, ప్లగ్గు నల్లగా మాడేది. మెకానిక్ రిపేర్ కిట్టు తెప్పించి లోపలివన్నీ మార్చాడు. ఇప్పుడు కారడం లేదు, కానీ ఫుల్ రేసు ఇస్తే బండి చచ్చుబడిపోతోంది. కొత్త కార్బరేటర్ వేయించమంటున్నాడు. ఏం చేయను?

జవాబు: ముందు ఫుల్ రేసులో తోలడం ఆపు తమ్ముడూ. టూ స్ట్రోక్ బండికి పెట్రోలు తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, అప్పుడు ఖర్చు కార్బరేటర్‌తో ఆగదు. ట్యాంకు పైపు పీకి ట్యాప్ తిప్పి చూడు, ధార సన్నగా వస్తే తుప్పు అడ్డుపడినట్టు. ధార బాగుంటే, రేసు ఇచ్చినప్పుడు చోక్ కొంచెం లాగి చూడు. ఊపు వస్తే మెయిన్ జెట్, అంటే ఫుల్ రేసులో పెట్రోలు వదిలే రంధ్రమున్న ఇత్తడి ముక్క, చిన్నదని అనుమానించాలి. కిట్టులో వచ్చిన జెట్ మీద నంబరు ఉందా?

ప్రశ్న: ధార బాగానే ఉంది, చోక్ లాగితే ఊపు వచ్చింది. జెట్ మీద నంబరే లేదన్నా. పాతవి మెకానిక్ దగ్గరే ఉన్నాయి.

జవాబు: వెంటనే తెచ్చుకో! నీది మికుని కంపెనీ వీఎం20 కార్బరేటర్. దాని ఇత్తడి జెట్లు అంత తేలిగ్గా అరగవు, మూసుకుపోతాయి అంతే. క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టిస్తే చాలు. తీగతో మాత్రం పొడవొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. ఎప్పుడైనా కొనాల్సి వస్తే పాత జెట్ మీదున్న నంబరుకే, మికునిదే కొను. ఇంకో కంపెనీ కెయిహిన్ 100 నంబరు జెట్, మికుని 100 ఒకటి కావు, వాళ్ల కొలత వేరు.

నిజంగా అరిగేవి సూది, అది దిగే నీడిల్ జెట్. రేసుతో పాటు సూదిని మోసే స్లైడ్ లేచి దిగినప్పుడల్లా సూది జెట్టు గోడకు రాసుకుంటుంది. ఏళ్లు గడిచేసరికి గుండ్రటి రంధ్రం కోలగా అవుతుంది, ఆ సందులోంచి పెట్రోలు ఎక్కువ పోతుంది. పావు నుంచి ముప్పావు రేసు వరకు పెత్తనం ఎక్కువగా ఈ జంటదే. నీ బబ్బబ్బ అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. పాత సూదిని వెలుతురులో తిప్పి చూడు. ఒక పక్క మెరుస్తూ గీత ఉంటే రెండూ కలిపి మార్చు. సూది ఒక్కటే మారిస్తే డబ్బు దండగ. సూది మీద చెక్కిన నంబరు రాసుకుని షాపుకు వెళ్లు.

మరొకరు: రబ్బరు సంగతి మర్చిపోకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. పాత ఓరింగులు, గాస్కెట్లు దానికి తట్టుకోవు. ఇంజన్‌కు కలిపే రబ్బరు మ్యానిఫోల్డ్ చీలినా గాలి పీల్చి పెట్రోలు తక్కువైనట్టే గోల పెడుతుంది. నా బండికి మూడు జెట్లు మార్చాక ఆ చీలిక కనబడింది, నవ్వకండి.

ప్రశ్న: పాత మెయిన్ జెట్ వేస్తే ఫుల్ రేసు బాగుంది అన్నా! సగం రేసులో మాత్రం మళ్లీ బబ్బబ్బ. మెకానిక్ కిట్టు సూది వేసినా నీడిల్ జెట్ పాతదే ఉంచాడట. పాత సూది మీద మీరు చెప్పిన గీత ఉంది. సూదిని పట్టుకునే క్లిప్ పైగాడికి మారిస్తే సరిపోతుందా?

జవాబు: క్లిప్ పైకి జరిపితే సూది కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది, కొన్నాళ్లు బండి తిరుగుతుంది. కానీ అరిగిన జెట్టుకు అది కట్టు కట్టడమే. జంట మార్చాక క్లిప్ పాత గాడిలోనే పెట్టి మొదలుపెట్టు. గ్రిప్పు మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీసుకుంటే ఎక్కడ తేడా వస్తోందో తెలుస్తుంది. చిన్న రేసులో గాలి సర్దే ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు విప్పి చూడు, అక్కడి నుంచి చెవితో సర్దుకో. తీసిన పాత సూది, జెట్టు పారేయకు, డబ్బాలో వెయ్యి. కొత్తవి నప్పకపోతే పక్కన పెట్టి పోల్చడానికి అవే కావాలి.