మొన కిందికి వేలాడదీసిన అమెథిస్ట్ రాగితీగ కట్టులోంచి జారిపోతోంది. ఎలా కట్టాలి? కొత్త డిజైన్లు ఎక్కడ వెతకాలి?

నీలిపూస:

సానపట్టని అమెథిస్ట్ (ఊదారంగు స్ఫటికం) మొనలతో లాకెట్లు కడుతున్నాను. రాయి పొడవు 30 మి.మీ., లావుగా ఉన్నచోట చుట్టుకొలత 45 మి.మీ. తీగ మోటార్ వైండింగ్ షాపులో తీసుకున్న 20 నంబర్ రాగి. రాయి మొదలు పైకి, మొన కిందికి వచ్చేలా పట్టుకుని, మొదలు చుట్టూ ఐదారు చుట్లు వేసి పైన లూప్ తిప్పుతున్నాను.

ఎంత బిగించినా కొద్దిరోజులు మెడలో వేసుకునేసరికి చుట్టు వదులై రాయి కిందికి జారుతోంది. తీగేమో ఒకటికి రెండుసార్లు వంచగానే మొండికేస్తోంది, పైగా ప్లయర్ గాట్లు. తీగ మానేసి మొదలుకు లోహపు క్యాప్ పెట్టి ఫెవిక్విక్‌తో అంటిస్తే రాయి మీద తెల్లటి మరక పడుతోంది, చివరికి క్యాప్ కూడా ఊడుతోంది.

ఇంకో ఇబ్బంది. ఏది చేసినా స్ప్రింగులో దూర్చిన రాయిలాగే కనబడుతోంది. ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి చేస్తే వాటి నకలే వస్తోంది. డిజైన్ కోసం మీరంతా ఎక్కడ చూస్తారు?

తీగకట్టు:

నీలిపూస గారూ, మీ బిగింపులో లోపం లేదండీ. రాయి ఆకారమే అలాంటిది. జియోడ్ (లోపల స్ఫటికాలు పెరిగే బోలు రాయి) గోడకు అంటుకుని పెరిగే అమెథిస్టులు మొదట్లో ఒకదాన్నొకటి నొక్కుకుంటూ పెరుగుతాయి. అందుకే మొదలు సన్నగా ఉండి మొనవైపు లావెక్కుతాయి. మీరు చుట్టు వేసింది సన్నని చోట, రాయి బరువు లాగేది కిందికి. అక్కడ ఇరవై చుట్లు వేసినా జారుతుంది.

తేలిక దారి ఒకటుంది. రాయిని తిప్పి మొన పైకి పెట్టండి. అప్పుడు లావు పైన, సన్నం కింద. చుట్టులో రాయి తనంతట తానే కూర్చుంటుంది, బరువు పడేకొద్దీ ఇంకా బిగుస్తుంది.

మొన కిందికే కావాలంటే లావు భాగానికి కింద ఒక పట్టు ఉండి తీరాలి. మొన ముఖాలు లోపలికి వాలడం మొదలయ్యే అంచు చూడండి, దానికి 2-3 మి.మీ. దిగువన. తీగ పొడవు లెక్క: చుట్టుకొలత, దానికి రాయి ఎత్తు రెండింతలు, పైన లూప్ కోసం 12 సెం.మీ. మీ రాయికైతే 45 + 60 + 120 = 225 మి.మీ., అంటే 25 సెం.మీ. ముక్క కోసుకుంటే సరిపోతుంది. ఇలాంటివి రెండు కావాలి, మందం 0.8 మి.మీ.

మొదటి తీగను ఆ దిగువ గీత మీద చుట్టి వెనకవైపు ఒక్క మెలిక వేయండి, రెండు కొసలూ పైకి లేపండి. రెండో తీగను దాని పక్కనే, మెలిక ముందువైపు వచ్చేలా వేయండి. ఇప్పుడు ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు నిలువు తీగలు. వాటిని రాయికి ఆనించి, మొదలు దగ్గర 0.3 మి.మీ. సన్నతీగతో ఏడెనిమిది చుట్లు గట్టిగా వేస్తే నాలుగూ లోపలికి వంగుతాయి. దిగువ పట్టు వల్ల రాయి కిందికి రాదు, వంగిన నిలువు తీగల వల్ల పైకి పోదు. పైన నాలుగింటినీ కలిపి రెండు మెలికలు తిప్పి, రెండు తీగలతో 4 మి.మీ. లూప్ చేసి, మిగతా రెండూ దాని మెడ చుట్టూ మూడేసి చుట్లు వేసి కత్తిరించండి. కొసను ఆకురాయితో రుద్దకపోతే చీరకో చున్నీకో తగులుకుని లాగేస్తుంది.

పని అయ్యాక లూప్ పట్టుకుని గట్టిగా కుదపండి. చప్పుడు వస్తే తీగ వదులుగా ఉందన్నమాట. నిలువు తీగను ప్లయర్ ముక్కుతో పట్టుకుని కొద్దిగా పక్కకు మెలితిప్పితే, ఆ చిన్న వంపు వదులునంతా లాగేస్తుంది.

రాగిబాట:

తీగ గురించి నా వంతు. మీరు కొన్న 20 నంబర్, వీడియోల్లో చెప్పే 20 గేజ్ ఒకటి కావు. మన వైండింగ్ షాపుల్లో లెక్క బ్రిటిష్ కొలత, అందులో 20 అంటే 0.91 మి.మీ. వీడియోల్లో ఎక్కువగా అమెరికన్ కొలత చెబుతారు, అందులో 20 అంటే 0.81 మి.మీ. చేతిలో పట్టుకుంటే ఆ పదోవంతు మిల్లీమీటరు తేడా బాగా తెలుస్తుంది. షాపులో నిలువు తీగలకు 21 నంబర్, కట్టడానికి 30 నంబర్ అడగండి.

అసలు వైండింగ్ తీగే వద్దంటాను. దాని మీద ఎనామిల్ పూత ఉంటుంది. ప్లయర్ తగిలినచోట పూత లేచి మచ్చలు కనబడతాయి, నలుపు వేద్దామంటే ఎక్కదు. ఆ పూతను పొయ్యి మీద కాల్చకండి, పొగ మంచిది కాదు. పూత లేని రాగితీగ దొరికితే అదే తీసుకోండి.

రాగి వంచినకొద్దీ గట్టిపడుతుంది, అది దాని గుణం. మళ్లీ మెత్తబడాలంటే పూత లేని తీగను చుట్టగా చుట్టి, వెలుతురు తక్కువున్న చోట మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచండి. నల్లటి పొర పడుతుంది, ఇంట్లో రాగిచెంబు తోమే చింతపండూ ఉప్పే దానికీ మందు. సన్నతీగను మాత్రం కాల్చకండి, చాలా త్వరగా వేడెక్కి కరిగి తెగిపోవచ్చు. ఇదంతా రాయి పెట్టకముందే అయిపోవాలి. రాయితో సహా మంట మీద పెడితే ముందు పగులు వస్తుంది. పగలకపోయినా నాలుగైదు వందల డిగ్రీలకు అమెథిస్ట్ ఊదారంగు పోయి పసుపు, గోధుమ రంగుల్లోకి తిరుగుతుంది. సిట్రిన్ (పసుపు స్ఫటికం) అని అమ్మేవాటిలో చాలాభాగం అలా కాల్చిన అమెథిస్టే.

గాట్లకు ప్లయర్ మూతికి రెండు పొరలు మాస్కింగ్ టేపు చుట్టండి. నైలాన్ మూతి ప్లయర్ ఉంటే ఇంకా మంచిది. చాలా వంపులకు ప్లయరే అక్కర్లేదు, బొటనవేలు చాలు.

పాతబడిన రంగు కావాలంటే ఉడికించిన గుడ్డు పచ్చసొన వేడిమీదే చిదిపి జిప్ కవర్లో వేసి, లాకెట్ దానికి తగలకుండా చిన్న మూతలో పెట్టి కవర్ మూసేయండి. అరగంట నుంచి కొన్ని గంటల్లో గంధకం వాయువుకు రాగి గోధుమ రంగై, తర్వాత నల్లబడుతుంది. తీసి సన్నటి స్టీల్ ఊలుతో పైపైన రుద్దితే ఎత్తుగా ఉన్నచోట మెరుపు, సందుల్లో నలుపు. అమెథిస్ట్ కాఠిన్యం (గీతలను తట్టుకునే గుణం) పదికి 7, దానికి గీత పడదు.

రాళ్లబీరువా:

జిగురు సంగతి. ఫెవిక్విక్ ఆవిరే ఆ తెల్లమరక. అది గట్టిగా అంటినా పెళుసు, ఒక్క దెబ్బకు విడిపోతుంది. రెండు ట్యూబుల అరాల్డైట్ వాడండి, ఐదు నిమిషాలది కాదు, నిదానంగా గట్టిపడేది. సమపాళ్లలో ఒక నిమిషం కలిపి, పెట్టాక 24 గంటలు కదపకూడదు.

క్యాప్ ఊడటానికి జిగురుకన్నా పెద్ద కారణం చాలాసార్లు రాయి మొదలే. అక్కడ జియోడ్ గోడ పెంకు పల్చగా అంటుకుని ఉంటుంది, బూడిదరంగులోనో ఆకుపచ్చగానో. జిగురు ఆ పెంకును పట్టుకుంటుంది, పెంకేమో రాయిని వదిలేస్తుంది. ఊడిన క్యాప్ లోపల చూడండి, పొడిలాంటి పొర కనబడితే ఇదే కారణం. సూదితో గీకి అసలు స్ఫటికం తేలేదాకా తీసేయాలి. తర్వాత 220 నంబర్ ఎమరీ పేపరుతో క్యాప్ లోపల గరుకు చేసి, రెండింటినీ స్పిరిటుతో తుడిచి అంటించండి. చెయ్యి జిడ్డు తగిలినా పట్టు సగమే.

ఇంకా భద్రం కావాలంటే మొదట్లో 1 మి.మీ. డైమండ్ బిట్‌తో 4 మి.మీ. లోతు రంధ్రం వేసి, 0.8 మి.మీ. తీగ కొసను గరుకు చేసి జిగురుతో దించండి. రంధ్రం వేసేముందు ఫోన్ టార్చ్ వెనక పెట్టి చూడండి. లోపల ఇంద్రధనుస్సు రంగులు మెరిసే పలక కనబడితే అది పగులు, బిట్ అటు పోకూడదు. రాయిని నీటిగిన్నెలో మునిగేలా పెట్టి, నొక్కకుండా, రెండు సెకన్లకోసారి బిట్ పైకెత్తుతూ వేయండి. ఎత్తకపోతే పొడి లోపలే ఉండి వేడెక్కి అంచు పెచ్చు లేస్తుంది. పొడిగా మాత్రం ఎప్పుడూ తొలవొద్దు. ఈ పొడి సిలికా, ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి పోదు. నీళ్లున్నా ఎన్95 మాస్కు పెట్టుకోండి. నీళ్ల పక్కన కరెంటు తీగ ఉండే మరకన్నా బ్యాటరీతో నడిచేది వాడండి.

అమ్మేటప్పుడు కొన్నవాళ్లకు ఒక మాట చెప్పండి. అమెథిస్టును కిటికీలో ఎండకు వదిలేస్తే క్రమంగా వెలుస్తుంది. "శుద్ధి" కోసం ఉప్పునీళ్లలో నానబెడితే రాగి పచ్చబారుతుంది.

గోదారి గాజులు:

మీ చివరి ప్రశ్నకు వస్తాను, నాకు అదే ముఖ్యం అనిపించింది. నకలు రావడానికి కారణం ముందు డిజైన్ ఎంచుకుని, తర్వాత దానికి సరిపోయే రాయి వెతకడం. ముడిరాయి విషయంలో అది తలకిందుల పని. రాయిని కాగితం మీద నిలబెట్టి నాలుగు వైపుల నుంచీ పెన్సిలుతో అంచు గీయండి. ఎక్కడ ఉబ్బుతోంది, ఎక్కడ నొక్కుకుపోయింది, ఎటు వంగింది, అన్నీ కాగితం మీదికి వస్తాయి. తీగకట్టు గారు చెప్పిన పట్టు ఎక్కడ పడాలో కూడా ఆ గీతలోనే తెలుస్తుంది. పట్టూ అందం రెండు వేర్వేరు పనులు కావు.

అమెథిస్ట్ మొన మీది ఆరు ముఖాలను దీపం కింద తిప్పుతూ చూడండి. సాధారణంగా మూడు పెద్దవి, మూడు చిన్నవి. నిలువు తీగలు చిన్న ముఖాల మీదో, అంచుల మీదో పోయేలా చేసి పెద్ద ముఖాలను ఖాళీగా వదలండి. వెలుతురు వాటిలోంచి పోతుంది. లోపల మబ్బులాంటి పొర ఉంటే దాన్ని దాచకండి, అదే ఆ రాయి ప్రత్యేకత.

చూడటానికి మనకు దగ్గర్లోనే చాలా ఉంది. రుద్రాక్షకు వేసే వెండి కట్టు చూడండి. పైనొక టోపీ, కిందొక టోపీ, మధ్యలో నిలువు కమ్మీలు, గింజకు రంధ్రం పెద్దది చేయకుండా పట్టు. అచ్చంగా మీకు కావలసిన పంజరం. పాతకాలపు పులిగోరు పతకం ఇంకో పాఠం. వెడల్పాటి మొదలును బంగారం కప్పేస్తుంది, మొన వైపు వదిలేస్తుంది. నిజం గోరు అమ్మడం, కొనడం చట్టం ఒప్పుకోదు, మనకు కావలసింది ఆ రూపమే. రెండు వంపు మొనలను ఎదురెదురుగా పెట్టే ఆ పద్ధతిని రెండు చిన్న స్ఫటికాలతో ప్రయత్నించండి, స్ప్రింగు రూపం ఇక కనబడదు.

ఆదిలాబాద్ డోక్రా పనితనం ఇంకా దగ్గర చుట్టం. మట్టి అచ్చు మీద మైనపు తీగలను పక్కపక్కన పేర్చి, చుట్టలు చుట్టి, జడల్లా అల్లి, ఆపైన మట్టి పూసి, మైనం కరిగిపోయిన దారిలో ఇత్తడి పోస్తారు. పోత వస్తువే అయినా దాని మీది గీతలన్నీ తీగ గీతలు. 2018లో దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. ఒక డోక్రా బొమ్మ మెడ దగ్గరి చుట్టలను మాత్రమే కాగితం మీద గీసుకుని, అదే వరసను 0.3 మి.మీ. తీగతో కట్టు మీద వేసి చూడండి.

ఒక్క నియమం పెట్టుకుంటే ఊహ తొందరగా కదులుతుంది. ఈ లాకెట్‌లో చుట్ట వేయను, లేదా రెండే తీగలు వాడతాను, అలాంటిది.

నీలిపూస:

చాలా వివరంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. ఊడిన క్యాప్ లోపల నిజంగానే ఆకుపచ్చ పొర ఉంది. ఇంకొక్కటి అడుగుతాను. 10 మి.మీ. ముడి గార్నెట్ గుళ్లు, జల్గావ్ నుంచి తెప్పించిన అపోఫిల్లైట్ మొనలు కూడా ఉన్నాయి. వాటికీ ఇదే కట్టు వేయొచ్చా?

రాళ్లబీరువా:

అపోఫిల్లైట్‌కు వద్దు. కాఠిన్యం 4.5-5, పైగా అడ్డంగా ఒకే దిక్కులో పలకల్లా తేలిగ్గా చీలుతుంది. సన్నతీగ బిగించేటప్పుడే మొన ఎగిరిపోవచ్చు. రంధ్రం వేయొద్దు, స్టీల్ ఊలు తగలనీయొద్దు. మొదలుకు లోతైన క్యాప్, అరాల్డైట్, అంతే. ఉంగరాలకు అసలే పనికిరాదు, దెబ్బలు తక్కువ తగిలే చెవి జూకాలకు పెట్టండి. చెవికి పోయే కొక్కెం మాత్రం 925 వెండిదై ఉండాలి, నికెల్ కలిసిన చవక కొక్కేలతో చెవి దురద పెడుతుంది.

గార్నెట్ దీనికి పూర్తిగా వేరు. కాఠిన్యం దాదాపు 7, చీలే దిక్కు లేదు, గట్టి రాయి. మన కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గార్నెట్ పూర్వం పుదుచ్చేరి పక్కనున్న అరికమేడులో పూసలుగా మారిందని అక్కడ దొరికిన పూసలను పరీక్షించినవాళ్లు తేల్చారు. చిక్కల్లా ఆకారంతోనే, దాదాపు గుండ్రం కాబట్టి నిలువు తీగలు పక్కకు జారతాయి.

తీగకట్టు:

ఆ గుళ్లకు వల అల్లండి. 30 నంబర్ తీగ అర మీటరు చాలు, అంతకన్నా పొడవు తీసుకుంటే మధ్యలో మడతపడి తెగుతుంది. పెన్సిల్ కొస మీద 4 మి.మీ. లూపులు ఆరు పువ్వులా చేసి రాయి అడుగున పెట్టండి. తర్వాతి వరసలో తీగను ఒక్కో లూపు మధ్యలోంచి దూర్చి, తన మీదుగానే తిప్పి లాగుతూ పోవాలి. ప్రతి వరసా కింది వరస సందుల్లో పడాలి. మూడు నాలుగు వరసల్లో రాయి సగం దాటుతుంది, అక్కడి నుంచి లూపులు చిన్నవి చేస్తూ చివరి వరసను సంచీ మూతిలా దగ్గరకు లాగి, మిగిలిన తీగతో మెడ చుట్టి లూప్ చేయండి. మొదటి రెండు వరసల్లో గట్టిగా లాగొద్దు, వల ఒక పక్కకు వాలిపోతుంది. రాయి లోపల కూర్చున్నాకే బిగించండి.