లైనర్ ఉన్న పికప్ బెడ్‌లో ట్రైలర్ హిచ్ బిగించవచ్చునా?

ప్రశ్న – జయపురం రైతు

నమస్కారం. మాది కోరాపుట్ జిల్లా, జయపురం దగ్గర పల్లె. నా డబుల్ క్యాబిన్ పికప్ బెడ్‌లో (వెనుక సరుకు వేసే తొట్టిలో) నల్లని ప్లాస్టిక్ లైనర్ (లోపల పరిచే తొడుగు) ఉంది. కోతల కాలంలో చిన్న వరికోత యంత్రాన్ని సాలూరు, మక్కువ వైపు పొలాలకు తీసుకువెళ్తుంటాము. సుంకి ఘాట్ దిగేటప్పుడు బంపరు వెనుక తగిలించిన ట్రాలీ బండిని అటూ ఇటూ ఊపుతున్నందున, బెడ్ మధ్యలో బాల్ హిచ్ (ట్రైలర్ తగిలించే ఇనుప బంతి) బిగించి, మెడ వంచినట్టు ముందు భాగం బెడ్ మీదికి వచ్చి ఆ బంతికి తగులుకునే గూస్‌నెక్ ట్రైలర్ లాగించాలని ఆలోచిస్తున్నాను. యంత్రంతో కలిపి ట్రైలర్ బరువు 1,800 కిలోల వరకు ఉంటుంది. లైనర్ మీదనే హిచ్‌ను పట్టి ఉంచే ఇనుప పట్టాలు పెట్టి పొడవాటి బోల్టులు వేస్తే సరిపోతుందని ఇక్కడి వెల్డింగ్ షాపు వారు అంటున్నారు. అది నిజమేనా, లేక లైనర్ తీసివేయాలా?

జవాబు – రాయగడ మెకానిక్

లైనర్ మీద బిగించవద్దు. ఎంత గట్టిగా బిగించినా ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ రోజురోజుకూ కొద్దికొద్దిగా అణుగుతూ పోతుంది, ఎండకు బెడ్ కాలినప్పుడు మరింత మెత్తబడుతుంది. అది అణిగినంత మేరా బోల్టు వదులవుతుంది. వదులైన పట్టా బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకూ వెనుకకూ కొట్టుకుని, గుండ్రంగా ఉన్న రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది. ఇనుము ఇనుముకే ఆనాలి.

అలాగని లైనర్ మొత్తం పారవేయనక్కరలేదు. పట్టాలు కూర్చునే మేరకు కిటికీలు కోస్తే చాలు. లైనర్ బెడ్‌లో ఉండగానే, కింద ఇంధన ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు ఎక్కడ ఉన్నాయో చూసుకుని, కింది నుంచి సన్నని డ్రిల్లు బిట్టుతో బెడ్‌నూ లైనర్‌నూ కలిపి గుర్తు రంధ్రాలు వేయండి. తరువాత లైనర్‌ను బయటకు తీసి, ఆ రంధ్రాల ఆధారంగా గీతలు గీసి, అక్కడ కోయండి. బెడ్‌లో ఉంచి కోస్తే బ్లేడు రేకును గీస్తుంది. జిగ్‌సాను (కరెంటు కోత రంపాన్ని) నెమ్మదిగా నడపాలి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి బ్లేడు వెనుకనే మళ్ళీ అతుక్కుంటుంది. నాలుగు మూలలకూ ముందుగా గుండ్రని రంధ్రాలు వేయండి, లేకపోతే మూల దగ్గర పగులు మొదలవుతుంది. పట్టా చుట్టూ వేలెడు ఖాళీ ఉంచితే నీరు నిలవదు.

లైనర్ ఎత్తినప్పుడు దాని కింద చేరిన ఇసుకనూ, ఆ ఇసుక గీసిన చోట మొదలైన తుప్పునూ చూస్తారు. మా వైపు వానలకు ఇది దాదాపు ప్రతి బండిలోనూ కనిపిస్తుంది. గీకి, ప్రైమరు వేసి, కొత్త రంధ్రాల అంచులకు కూడా పూసిన తరువాతనే లైనర్‌ను తిరిగి పెట్టండి.

జవాబు – సాలూరు షెడ్డు

పై జవాబు లైనర్ విషయంలో సరిగ్గా ఉన్నది, కాని నా దృష్టిలో లైనర్ ఇక్కడ చిన్న సంగతి. బెడ్ రేకు బరువు మోయడానికే తప్ప లాగుడుకు తట్టుకోదు. బోల్టులు రేకును దాటి, చాసిస్‌కు బిగించిన బ్రాకెట్లలోకి దిగాలి. బ్రాకెట్లకు కంపెనీ ఇచ్చిన రంధ్రాలే వాడండి. చాసిస్ పై అంచునూ కింది అంచునూ తొలచనివ్వవద్దు, వెల్డింగ్ చేయనివ్వవద్దు. బెడ్ అడుగు గాడులుగా ఉంటుంది కనుక, గాడి పల్లంలో పట్టా కింద ఇనుప దిమ్మలు పెట్టకపోతే బోల్టు బిగించగానే రేకు నలుగుతుంది. 8.8 గ్రేడు (గట్టి రకం) బోల్టులు వేసి టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) బిగించి, మొదటి ప్రయాణం కాగానే మరొకసారి చూసుకోవాలి.

హిచ్ బంతి బండి వెనుక ఇరుసుకు సరిగ్గా పైన గాని, రెండు మూడు అంగుళాలు ముందుకు గాని ఉండాలి. గూస్‌నెక్‌లో ట్రైలర్ బరువులో 15 నుంచి 25 శాతం బండి మీద పడుతుంది, అంటే మీకు 270 నుంచి 450 కిలోలు. దానికి హిచ్ బరువు, లోపల కూర్చునే మనుషుల బరువు కలిపి, ఆర్సీలో ఉన్న ఖాళీ బరువుకూ నిండు బరువుకూ మధ్య తేడాతో పోల్చి చూడండి. డబుల్ క్యాబిన్ బండ్ల బెడ్ పొట్టిది. సుంకి మలుపుల్లో బాగా తిప్పినప్పుడు ట్రైలర్ ముక్కు క్యాబిన్ వెనుక అద్దానికి తగిలే ప్రమాదం ఉంది. కొలవకుండా ట్రైలర్ చేయించవద్దు.

జవాబు – పర్లాకిమిడి నుంచి

కాగితాల సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, కొంత భాగం లాగే బండి మీద ఆని, కొంత బరువు దానిపై మోపే ట్రైలర్‌ను సెమీ ట్రైలర్ అంటారు; అది తగిలించిన బండిని ఆర్టిక్యులేటెడ్ వాహనంగా పరిగణిస్తారు. గూస్‌నెక్ ఆ నిర్వచనంలోకే వస్తుంది. ఆర్సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని సెక్షన్ 52 నిషేధిస్తున్నది. 2019 సవరణ తరువాత అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మీరు రాష్ట్రం సరిహద్దు దాటుతారు కనుక, ముందుగా మీ ఆర్టీవో కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగడం మంచిది.

జయపురం రైతు

అందరికీ ధన్యవాదాలు. బెడ్ కొలిచాను, పొడవు అయిదడుగులు కూడా లేదు. గూస్‌నెక్ ఆలోచన మానుకోవలసి వచ్చేలా ఉంది. మరి ఊపుడు సంగతి ఏమిటి?

సాలూరు షెడ్డు

నేను ఆ మాటకే వద్దామనుకున్నాను. వెనుక తగిలించే ట్రాలీ ఊగుతున్నదంటే చాలాసార్లు ముక్కు తేలికగా ఉందని అర్థం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, మీ లెక్కన 180 నుంచి 270 కిలోలు, కొక్కెం మీద పడాలి. అయితే మీ హిచ్‌కు తయారీదారు పెట్టిన హద్దు దాటకూడదు. యంత్రం ఎక్కించిన ట్రాలీని కాటాకు తీసుకువెళ్లి, చక్రాలు కాటా బయట నేల మీద ఉండగా ముందు స్టాండును మాత్రమే కాటా మీద నిలిపితే ఆ బరువు తెలుస్తుంది. తక్కువ వస్తే యంత్రాన్ని జానెడు ముందుకు జరిపి గొలుసులు బిగించి మళ్ళీ తూచండి. ఘాట్ దిగడానికి ముందు ట్రాలీ టైర్లలో గాలి కూడా చూసుకోండి.