డై కాస్టింగ్ లాచ్: జింకా, అల్యూమినియమా?

లాచ్_డిజైన్:
అరచేతిలో పట్టే లాచ్ ఒకటి గీస్తున్నాను. గోడ మందం 1 మి.మీ., పైన క్రోమ్ ప్లేటింగ్. తేలిక కదా అని అల్యూమినియం అనుకున్నా. కాస్టింగ్ వాళ్ళేమో జింక్ అంటున్నారు. వాళ్ళ మెషీన్ ఖాళీగా ఉండి అంటున్నారేమో అని అనుమానం.

డై_మేస్త్రి:
అనుమానం మంచిదే గానీ, ఈసారి వాళ్ళ మాట వినండి. 1 మి.మీ. గోడలో అల్యూమినియం చివరిదాకా చేరేలోపే చల్లబడుతుంది, కోల్డ్ షట్ గీతలు (మెటల్ సరిగా కలవని అతుకులు) పడతాయి. జింక్‌కి అది పెద్ద పని కాదు. జమాక్-3 అనే జింక్ మిశ్రమం దాదాపు 385 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే హాట్ ఛాంబర్: గూస్‌నెక్ (మెటల్‌ని అచ్చులోకి పంపే వంపు గొట్టం) కరిగిన మెటల్‌లోనే మునిగి ఉంటుంది, షాట్ వెంట షాట్, అంటే పోత వెంట పోత, పడుతూనే ఉంటుంది. అల్యూమినియంలో అలా ముంచితే ఇనుమునే తినేస్తుంది. కాబట్టి కోల్డ్ ఛాంబర్, ప్రతి షాట్‌కీ లాడిల్‌తో పోయాలి.

ఇక డై, అంటే మెటల్ పోసే అచ్చు. అల్యూమినియంకి లక్ష షాట్లు అటూఇటూగా హీట్ చెక్ పగుళ్ళు (పదేపదే వేడెక్కి చల్లారడం వల్ల అచ్చు మీద పడే సన్న బీటలు) మొదలవుతాయి. జింక్ డై పది లక్షలు దాటినా పనిచేస్తుంది. ప్లేటింగ్ సంగతి ఇంకా తమాషా: అల్యూమినియం మీద క్రోమ్ నిలవాలంటే ముందు జింకేట్ అనే పలుచని జింక్ పూత వేయాలి. చివరికి జింక్ దగ్గరికే రావాలన్నమాట.

లాచ్_డిజైన్:
మరి బరువు?

డై_మేస్త్రి:
జింక్ సాంద్రత ఘ.సెం.మీ.కి 6.6 గ్రా., అల్యూమినియంది 2.7. తప్పించుకోలేం. పెద్ద హౌసింగ్ అయితే నేనే అల్యూమినియం అనేవాణ్ణి. చేత్తో తిప్పే లాచ్ కొంచెం బరువుంటే జనం గట్టిదనే అనుకుంటారు.

స్ప్రింగ్_పని:
లోపల స్ప్రింగ్ ఉందా? ఉంటే క్రీప్ (ఎప్పుడూ బరువు మోస్తూ మెటల్ మెల్లగా సాగిపోవడం) చూసుకోండి.

డై_మేస్త్రి:
నేను చెప్పాల్సింది మీరే చెప్పారు. ఒకసారి హీటర్ పక్కన బిగించే క్లాంప్‌ని జింక్‌లో పోశాను. బోల్టు బిగువు బాగానే ఉంది. కొన్ని వారాలకి చేత్తో ఊపితే ఊగింది! విరగలేదు, పగల్లేదు, మెల్లగా సాగిపోయింది. 100 డిగ్రీల దరిదాపుల్లో బరువు మోసే ముక్కకి జింక్ వద్దు. తప్పు పూర్తిగా నాదే, వేడి ఎంతని అడగలేదు.

లాచ్_డిజైన్:
వేడి లేదు. స్ప్రింగ్ ఉంది, ఎప్పుడూ నొక్కే ఉంటుంది.

డై_మేస్త్రి:
అయితే స్ప్రింగ్ చివర్లు రెండూ స్టీల్ పిన్‌ల మీద ఆనేలా మార్చండి, పిన్ కూర్చునే చోట గోడ మందం పెంచండి. తర్వాత జింకే పోయించండి. డ్రాయింగ్ మీద జమాక్ గ్రేడ్ రాసి, సీసం, తగరం, కాడ్మియం హద్దులు కూడా అడగండి. తుక్కు కలిపి పోస్తే కొన్నాళ్ళకి ముక్క ఉబ్బి పొడిపొడిగా రాలుతుంది.