పజిల్ గేమ్‌కు మన ఊరు ఎలా తెలుస్తోంది?

నల్లగొండ_గడియారం: మా అబ్బాయి నా ఫోన్‌లో రంగు గళ్లు పేర్చే పజిల్ గేమ్ ఆడుతుంటాడు. లొకేషన్ అనుమతి నేను ఇవ్వలేదు. అయినా లెవెల్ పూర్తయిన ప్రతిసారీ నల్లగొండ బైపాస్ పక్కన ప్లాట్లున్నాయంటూ ప్రకటన వస్తోంది. ఊరు ఎలా తెలిసింది? గేమ్ తీసేస్తే కంపెనీ దగ్గరున్న మన సమాచారం కూడా పోతుందా?

పాలమూరు_పెద్దన్న: ఊరు తెలిస్తే తెలిసింది గానీ, ప్రకటన మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత ఉండటం అసలు అన్యాయం. విసిగిపోయి డబ్బు కట్టి ప్రకటనలు తీసేయించుకున్నాను. తీరా గోప్యతా విధానం చదివితే, ఫోన్ వివరాల సేకరణ యథాతథంగా కొనసాగుతుందని అందులోనే రాసి ఉంది.

మిర్యాలగూడ_మిల్లు: ఇవన్నీ మైక్ ద్వారా మన మాటలు వింటున్నాయి. పొలం దగ్గర బోరు మోటారు కాలిపోయిందని ఇంట్లో అనుకున్నామో లేదో, అదే గేమ్‌లో మోటార్ల ప్రకటన ప్రత్యక్షమైంది.

జడ్చర్ల_కోడర్: గేముల్లో ప్రకటనల ఎస్‌డీకేలు, అంటే ప్రకటనలు చూపించే రెడీమేడ్ కోడ్ ముక్కలు, అమర్చడమే నా ఉద్యోగం కాబట్టి ఊహాగానాలు ఆపండి. లొకేషన్ ఇవ్వకపోయినా, ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే ఐపీ అడ్రస్‌ను బట్టి ప్రాంతాన్ని సుమారుగా పట్టుకోవచ్చు. ఇక మోటారు సంగతి: ఇంట్లో ఎవరో ఒకరు వేరే యాప్‌లో దాని ధర వెతికి ఉంటారు. ఒకే ఫోన్‌లోని యాప్‌లన్నింటికీ ఒకే అడ్వర్టైజింగ్ ఐడీ (ప్రకటనల కోసం ఫోన్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కనబడుతుంది కాబట్టి, అక్కడి ఆసక్తి ఇక్కడ ప్రకటనగా తేలుతుంది. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్ తెరిచి ఆ ఐడీని తొలగించవచ్చు. మైక్ వాడితే ఆండ్రాయిడ్ 12 నుంచి తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది.

మిర్యాలగూడ_మిల్లు: గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లుంది మీ వాలకం. జీతమిచ్చే కంపెనీని మీరు వెనకేసుకు రాక ఏం చేస్తారు?

జడ్చర్ల_కోడర్: నేను వెనకేసుకు రాలేదు. వినకుండానే ఇంత తెలుస్తున్నప్పుడు వినవలసిన అవసరం వాళ్లకేముందని చెబుతున్నాను. అర్థం కాకపోతే నా బాధ్యత కాదు.

దేవరకొండ_టీచరమ్మ: మీ ఇద్దరి తగవులో పిల్లవాడి సంగతి గాలికి పోయింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలి. వారిపై నిఘా పెట్టడం, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడం కుదరదు. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉంటుంది. సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కూడా కల్పించాలి.

జడ్చర్ల_కోడర్: మేడమ్, ఆ చట్టం అమలు నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద పడే ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. పైగా ఫోన్ తండ్రిది, అకౌంట్ తండ్రిది. ఆడేది పిల్లవాడని కంపెనీ రికార్డులో ఎక్కడ ఉంటుంది?

దేవరకొండ_టీచరమ్మ: గడువు ఉన్నంత మాత్రాన పిల్లల వివరాలు అమ్ముకోవచ్చని అర్థమా? మా బడి పిల్లలు వయసు అడిగిన చోట తండ్రి పుట్టిన సంవత్సరం కొట్టి ముందుకు పోతున్నారు, అది కంపెనీలకు తెలియదంటే నేను నమ్మను.

సూర్యాపేట_పాతకాపు: గేమ్ తీసేస్తే మన ఫోన్‌లోంచి పోతుంది గానీ వాళ్ల సర్వర్‌లోంచి పోదు. అకౌంట్ తెరిచి ఆడినట్లయితే, దానిని తొలగించమని విడిగా కోరాలి. అందుకు యాప్‌లోనూ, బయట వెబ్ లింకు ద్వారానూ దారి చూపాలని గూగుల్ ప్లే నిబంధన పెట్టింది. 2019లో 'వర్డ్స్ విత్ ఫ్రెండ్స్' అనే మాటల పజిల్ తయారీదారు జింగా దగ్గర చొరబాటు జరిగి 17 కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటపడ్డాయి. ఏనాడో ఆడటం మానేసినా, ఖాతా అలాగే వదిలేసినవారి వివరాలకు అలాంటి చోట రక్షణ ఏముంటుంది?

వనపర్తి_చెరువుగట్టు: నెట్ ఆపి ఆడితే ఏ గొడవా ఉండదు, ప్రకటనలు కూడా రావు.

జడ్చర్ల_కోడర్: ప్రకటనలు చాలావరకు రావు, నిజమే. ఏ లెవెల్‌లో ఎంతసేపు ఆగారన్న లెక్క మాత్రం చాలా గేముల్లో ఫోన్‌లోనే దాగి, నెట్ పెట్టగానే వెళ్లిపోతుంది.

మిర్యాలగూడ_మిల్లు: ఆకుపచ్చ గుర్తు కోసం పొద్దుటినుంచి చూస్తున్నాను, ఎక్కడా లేదు. నాది ఆండ్రాయిడ్ 10 అట. దీనికేమంటారు కోడర్ గారూ?