‘కలడో లేడో’లోని ఓకారం, ఇంగ్లీషు ప్రశ్న

పాతపుట: ఇంగ్లీషులో స్టేషన్ ఎక్కడో అడగాలంటే ‘వేర్ ఈజ్ ద స్టేషన్’ అంటాం. అదే ముందు ‘కుడ్ యూ టెల్ మీ’ చేర్చి మర్యాదగా అడిగితే ‘వేర్ ద స్టేషన్ ఈజ్’ అనాలి. దీన్ని వివరిస్తూ ఎవరో గజేంద్రమోక్షంలోని ‘కలడో లేడో’ను ఉదహరించారు. ఎక్కడ చదివానో, వాదం ఏమిటో గుర్తు రావడం లేదు. మీకెవరికైనా తెలుసా?

కందం: చదివిన గుర్తు లేదు గానీ వాదం ఊహించవచ్చు. ‘ఎక్కడ ఉంది?’లో ఓకారం లేదు. ‘ఎక్కడ ఉందో చెబుతారా?’ అనగానే వచ్చి చేరింది. మనం ఓకారం చేర్చే చోటే వాళ్ళు క్రియను మామూలు స్థానానికి తెస్తారు. ‘డూ’, ‘డిడ్’ కూడా అక్కడే రాలిపోతాయి: ‘వాట్ డిడ్ హి సే’ కాస్తా ‘వాట్ హి సెడ్’ అవుతుంది. మనవాళ్ళు తడబడేది సరిగ్గా ఇక్కడే, ఓకారం నాలుక మీదే ఉండగా!

అరసున్న: ముందు పాఠం చూద్దాం. ‘కలఁడో లేఁడో’ అని రాయాలి. ఆ ఓకారం సందేహార్థకం. ‘ఎవరో వచ్చారు’లో ఏ ప్రశ్న దాగి ఉంది?

కందం: మరి ‘ఎక్కడ ఉందో నాకు తెలుసు’ మాటేమిటి? తెలిసినవాడికి సందేహం ఎక్కడిది?

అరసున్న: అది తరవాతి వ్యాప్తి. మూలం సందేహమే.

తీరిక: నా లెక్క వేరు. ఓకారం ఉంటే జవాబు కోరడం లేదని అర్థం. ‘వచ్చాడా?’ అంటే ఎదుటివారు చెప్పి తీరాలి. ‘వచ్చాడో లేదో’ అంటే చెప్పనక్కరలేదు. గజేంద్రుడు ఎవరినీ అడగడం లేదు, అందుకే పోతన ‘కలడా’ అనలేదు. మూడు పాదాల్లో ‘కలడందురు’ అని లోకం మాట వినిపించి, నాలుగో పాదం చివర ఆ నమ్మకాన్నంతా ఒక్క అక్షరానికి వేలాడదీశాడు. ఎన్నిసార్లు చదివినా అక్కడ ఊపిరి ఆగుతుంది. ఇంగ్లీషు వాళ్ళ ‘ఐ వండర్ ఇఫ్’ కూడా నిలదీయకుండా అడగడమే. ‘మీకు తీరిక ఉందో లేదో...’ అని మనం ఫోనులో మొదలుపెట్టమా?

పడమటిగాలి: ఐర్లండ్ ఇంగ్లీషులో ‘ఆస్క్ హిమ్ ఈజ్ హి కమింగ్’ అనడం ఉంది. తిప్పిన క్రమం తిప్పినట్టే ఉంటుంది. కాబట్టి దీన్ని ప్రామాణిక భాష నియమం అనండి, ఇంగ్లీషు స్వభావం అనకండి.

పాతపుట: ‘కలడో లేడో’కు ‘ఇఫ్’ సరిపోతుందా, ‘వెదర్’ కావాలా?

తీరిక: రెండు పక్షాలు ఎదురెదురుగా ఉన్నాయి కనుక ‘వెదర్’. దాని వెంటనే ‘ఆర్ నాట్’ పెట్టవచ్చు, ‘ఇఫ్’ వెంటనే పెట్టలేం. రోజువారీ మాటల్లో మాత్రం ‘ఇఫ్’ చాలు.

అరసున్న: పద్యం సంగతి తేలలేదు. ‘కలండనెడివాడు’ అనాలా, ‘కలండనెడువాడు’ అనాలా?

కందం: నా ప్రతిలో ‘డి’. ఛందస్సు తేల్చదు, రెండూ లఘువులే.

అరసున్న: చెవి తేలుస్తుంది. కలడు, కలండు, అనెడు, వాడు అని పాదమంతా ‘డు’ మోగాలి.

తీరిక: అందుకే ‘డి’ ఉండాలంటాను. నడుమ ఒక విరుపు లేకపోతే చివరి ‘డో’ అంత గట్టిగా తగలదు.